సాఫీ దారిలో నాలుగు చోట్ల

శనివారాలు నా చేతిలో పార.
వేల్స్ నడిమి కొండల్లో, బ్రిన్ హెలిగ్ వెనకవైపు వాలు మీద
సైకిళ్ల కోసం బాట చెక్కుతాం, ఏడెనిమిది మందిమి.
నేను సైకిలెక్కను. మోకాలు ఒప్పుకోదు.
నాది రాతిగోడల పని.
సున్నం లేకుండా రాయిని రాయి మీద కూర్చోబెట్టడం వచ్చు గనక
మలుపుల్లో గట్లు కట్టడానికి పిలిచారు.

ఇక్కడ మొదట దిగేది వాన.
సైకిల్ ఆ తర్వాతే.
వానకి మనం దారివ్వకపోతే తనే చేసుకుంటుంది,
ఆదివారానికల్లా నీ మలుపు
లోయలో గొర్రెల కాళ్ల కింద ఉంటుంది.
అందుకే పదడుగులకో పిల్లకాలవ,
దాని నోట్లో రెండు పలకరాళ్లు.

ఎక్కనివాడికి చదవడం అబ్బింది.
సోమవారం పొద్దున, బురద ఇంకా పచ్చిగా ఉండగానే
కింది గేటు నుంచి పైకి నడుస్తాను.
టైరు గీతలన్నీ చేతిరాతలే.
ఇది గెథిన్. దూకుడెక్కువ, తూకం తక్కువ;
మలుపు మలుపుకీ వెనకచక్రం బారెడు జారి ఉంటుంది.
ఇక్కడెవరో కొత్తమనిషి
వేళ్లు పొడుచుకొచ్చిన మెట్టు చూసి, దిగి, నెట్టుకుంటూ వెళ్లి
ఎవరూ చూడలేదనుకున్నారు.
బ్రేకు పట్టినచోట మట్టి కుచ్చెళ్లు పడుతుంది.
భయం అట్లా దొరికిపోతుంది
నా బూటు కింద.

ఆ సన్నగీత ఒక్కటే అంతు చిక్కలేదు.
పాతకాలపు టైరు, పళ్లరిగిపోయింది.
అందరూ దడుచుకునే రాళ్లమెట్టు దగ్గర
తడబాటన్నది లేకుండా సాగిపోయేది.
తీరా బాట సాఫీ అయ్యాక,
బండి దానంతటదే దొర్లేచోట, ఆగేది.
పక్కన ఒక పాదం గుర్తు. ఎడమకాలు.
మళ్లీ గీత.
అట్లా నాలుగు చోట్ల. ప్రతి వారం అవే నాలుగు.

గొలుసు ఊడిందేమో అనుకున్నాను. ఆయాసమేమో.
దిగుడులో ఆయాసమేంటి?

అక్టోబరులో ఒకనాడు, స్ప్రూస్ చెట్ల చీకట్లో
మూడోచోట రాళ్ల కోసం నాచు పీకుతుంటే
వెడల్పాటి పలక బయటపడింది,
నడుమ పళ్లెంలా అరిగి.
గోడలు కట్టేవాడికి వేరే చెప్పాలా,
అట్లా అరిగేది గడపే.
దాని వెనక పొయ్యిగూడు.
పొయ్యిగూట్లోంచి నిటారుగా ఒక చెట్టు.
తక్కిన మూడు చోట్లా గీరి చూశాను.
మూడు గడపలు.

అడవిశాఖ మొక్కలు నాటకముందు
ఈ వాలు మీద పొగలు లేచేవని మా అమ్మ అంటుండేది.

దుకాణం గోడకి ఆనించి ఉన్న మొర్విద్ సైకిల్‌ని
ఎన్నేళ్లుగా చూస్తున్నానో, టైరు మాత్రం ఆ రోజే చూశాను.
డెబ్బై నాలుగేళ్ల మనిషి. లోపల రొట్టె బేరమాడుతోంది.
పద్దెనిమిదో ఏట ఉత్తరాల సంచీ తగిలించుకుని
ఆ పక్కకి తిరిగేదాన్నని ఎప్పుడో చెప్పింది,
అప్పుడు నేను గోడ ధర లెక్కేసుకుంటున్నాను.
ఏమీ అడగలేదు. వాన గురించి మాట్లాడాం.

మొన్న గెథిన్ వాళ్లు కాగితం మీద గీసుకొచ్చారు:
రెండోచోట ఒక దిబ్బ పోయాలట, బండితో సహా ఎగరడానికి.
ఇక్కడ నీళ్లు నిలుస్తాయన్నాను.
అబద్ధం. ఈ కొండ మొత్తానికి
నీళ్లు నిలవని చోటు అదొక్కటే.
ఇల్లు కట్టినవాడికి ఆ సంగతి తెలుసు.
గొణుక్కుంటూనే పది గజాలు కిందికి జరిపారు.
పలకకి అడ్డుగా పెరిగిన ఫెర్న్ ఆకులు
పారతో రెండు వేట్లు వేసి తీసేశాను,
ఎవరూ అడగలేదు.

ఈ సోమవారం
రెండోచోట రెండు పాదాలూ ఉన్నాయి,
మడమలు లోతుగా. చాలాసేపే నిలబడినట్టుంది.
తర్వాత గీత. నింపాదిగా కిందికి.
కొత్త దిబ్బ ఎక్కింది. కుచ్చెళ్లు ఎక్కడా లేవు,
వంగి మరీ వెతికాను.
దిబ్బ కొసన గీత తెగిపోయింది.
మూరెడు దూరం ఉత్త మట్టి.
ఆ తర్వాత మళ్లీ ఉంది.